ఎర్ర కడ్డీని పట్టబోయిన చెయ్యి

మంచిర్యాల స్టేషనుకు అవతల, గోదావరికి పోయే బాట పక్కన, అప్పట్లో ఒక ఉక్కు మిల్లు ఉండేది. పెద్ద మిల్లేం కాదు. బొగ్గు గనుల్లో అరిగిపోయిన పట్టాలు, విరిగిన ఇరుసులు తెచ్చి, కొలిమిలో ఎర్రగా కాల్చి, రోలర్ల మధ్య సాగదీసి కడ్డీలు చేసేవారు. స్లాబు ఇళ్లు అప్పుడప్పుడే మొదలవుతున్న కాలం కాబట్టి గిరాకీకి లోటు లేదు. అక్కడ లక్ష్మీరాజం అని ఒక చార్జిమన్, అంటే పనివాళ్ల మీద పెద్ద, ఉండేవాడు. సన్నగా, పొడుగ్గా, వయసులో ఉన్న మనిషి, మాట తక్కువ. పనిలోకి కొత్తగా ఎవరొచ్చినా ఆయన మొదట అడిగేది పేరు కాదు, ఊరు కాదు.

“మీ బాపు ఏం పని చేస్తడు?”

కొందరు కులం అడుగుతున్నాడనుకునేవారు. కొందరు చెల్లెలికి సంబంధం వెతుకుతున్నాడని వెనక నవ్వుకునేవారు. మంథని నుంచి వచ్చిన ఒకడైతే, “మా బాపు చేసే పనితోని నీకేం పని సార్?” అని మొహం మీదే అనేశాడు. లక్ష్మీరాజం కోపం తెచ్చుకోలేదు.

“నాకేం పని లేదు. నీ చేతులకున్నది” అని తన ఎడమ చెయ్యి జేబులోంచి తీసి చూపించాడు. చిటికెన వేలూ, దాని పక్క వేలూ లోపలికి వంగి, తోలు నున్నగా మెరుస్తూ ఉన్నాయి. అవి అలా ఎందుకయ్యాయో చెప్పాలంటే పంతొమ్మిది వందల అరవై రెండు ఎండాకాలానికి పోవాలి. అప్పటికి ఆయన చార్జిమన్ కాడు, ఆ మిల్లులోకి పని నేర్చుకోవడానికి వచ్చిన విద్యార్థి.

లక్ష్మీరాజం వాళ్లది సిరిసిల్ల. తండ్రి అంతయ్య నేతగాడు, తాతా నేతగాడే. ఇంటి నడుమ అరలో గుంట, ఆ గుంట మీద మగ్గం. తల్లి చంద్రవ్వ, చెల్లె బాలలక్ష్మి నూలు కండెలు చుట్టేవారు. లక్ష్మీరాజం పలకా బలపం పట్టకముందే అతనికి ఒక కొలువు దొరికింది. తండ్రి పక్కన కూర్చొని మగ్గం మీద నిలువుగా బిగించిన పడుగు పోగులను కనిపెట్టి ఉండడం. అన్ని పోగుల్లో ఏది తెగినా, అడ్డ నూలు మోసే నాడె ఇంకోసారి అటు నుంచి ఇటు రాకముందే వేళ్లతో పట్టాలి. పట్టకపోతే ఆ కొస పక్క పోగులకు చుట్టుకొని చీర నడుమ మచ్చ పడుతుంది, చీరలు కొనే సావుకారి దాన్ని పక్కకు నెట్టేస్తాడు.

అందుకని ఆ మగ్గం దగ్గర గారాబాలు చెల్లేవి కావు. చెయ్యి జర ఆలస్యమైతే అంతయ్య చేతిలోని పుల్ల కొడుకు వేళ్ల గణుపుల మీద పడేది. “తెగంగనే పట్టాలె. చూసుడు కాదు, పట్టుడు” అనేవాడు. కొంతకాలానికి కొట్టాల్సిన పని లేకుండా పోయింది. పోగు తెగిందని కన్ను చెప్పేలోపే లక్ష్మీరాజం చెయ్యి అక్కడికి చేరేది. అంతయ్య ఆ సంగతి కొడుకు ముందు ఒక్కనాడూ మెచ్చుకోలేదు గాని, వాడకట్టంతా చెప్పుకొని మురిసేవాడు.

అటువంటి చెయ్యి పెన్సిలూ స్కేలూ పట్టుకుంటానంటే అంతయ్యకు మింగుడు పడలేదు. అయినా బడి పంతులు నచ్చజెప్పగా, చంద్రవ్వ ఏడవగా, వరంగల్‌లో డిప్లొమా చదువుకు పంపాడు. రెండో ఏడు అయ్యాక ఎండాకాలం సెలవుల్లో ఏదైనా కార్ఖానాలో పని నేర్చుకొని రావాలని ఆ చదువులో ఒక నియమం ఉండేది. పనిచోట మెచ్చుకున్నారా, చదువు కాగానే అక్కడే కొలువు. లక్ష్మీరాజానికి మంచిర్యాల ఉక్కు మిల్లు పడింది. బయలుదేరే పొద్దున అంతయ్య మగ్గంలోంచి లేవకుండానే మాట తీసుకున్నాడు.

“పో. నేనేం అడ్డం రాను. ఆల్లు నువ్వు పనికొస్తవన్నరనుకో, ఇగ నీ తొవ్వ నీది. పనికిరావని తోలిచ్చిన్రనుకో, మల్ల సదువు ముచ్చట ఎత్తద్దు. వచ్చి మగ్గంల కూసోవాలె.”

“సరే బాపు” అన్నాడు లక్ష్మీరాజం.

అన్నాడు గాని, కరీంనగర్ బస్సెక్కి, పెద్దపల్లిలో రైలు పట్టుకొని మంచిర్యాలలో దిగేదాకా ఆ మాటే మనసులో తిరుగుతూ ఉంది. అతనికి మగ్గం అంటే ద్వేషం లేదు. గుంటలో కాళ్లు పెట్టుకొని కూర్చున్నవాడికి కనిపించే లోకం ఒక చీర పన్నా వెడల్పంతే ఉంటుందని, దానికంటే కాస్త పెద్దది చూడాలని కోరిక. ఆ కోరిక ఉంటుందా పోతుందా అనేది ఈ ఒక్క ఎండాకాలం మీద పడింది.

మిల్లులో అతన్ని అంబదాస్ మిస్త్రీకి అప్పగించారు. అంబదాస్ ఇచ్చోడ వైపు మనిషి, తెలుగు మాట్లాడుతూ మాట్లాడుతూ మరాఠీలోకి జారిపోయేవాడు. మీసం ఒకవైపు కాలిపోయి సరిగా మొలవలేదు, రెండోవైపు మాత్రం దర్జాగా ఉండేది. పైన ఒక మేనేజరు ఉన్నా, రోలర్ల దగ్గర ఎవరు నిలబడాలో ఎవరు ఇంటికి పోవాలో తేల్చేది ఈయనే. మొదటిరోజే శిష్యుణ్ని పక్కన నిలబెట్టుకొని పాఠం చెప్పాడు.

“గిటు బఘ్, చూడు. కడ్డీ గీ రోలర్ల సందుల పోయి అవుతల ఎల్తది. ఆడున్నోడు పట్టుకారుతోని దాని ముక్కు పట్టి, మలిపి, పక్క సందుల పెడ్తడు. మల్ల గిటు వస్తది. పోంగ రాంగ సన్నగైతది. గంతే కథ. ఇగ జర ఇను. ఒక్కోపారి పట్టు తప్పుతది. తప్పిందంటే కడ్డీ నేల మీద దానిష్టమున్నట్టు ఉరుకుతది. గప్పుడు ఎవ్వడు ముట్టద్దు. గా ఇనుప రేకు చాటుకు ఉరకాలె. ఎర్రగున్నంతసేపు గది మనది కాదు. నల్లబడ్డంక మనది. సమజైందా?”

“సమజైంది మిస్త్రీ సాబ్.”

నిజంగానే సమజైంది. ఆ ముక్క మీద పరీక్ష పెట్టి ఉంటే క్లాసులో మొదటివాడిగా వచ్చేవాడు.

వేడీ రొదా పక్కన పెడితే లక్ష్మీరాజానికి ఆ చోటు కొత్తగా అనిపించలేదు. కడ్డీ అటు పోవడం, ఇటు రావడం, ప్రతి రాకకూ పని కాస్త ముందుకు జరగడం, ఇదంతా నాడె ఆట లాగే ఉంది. ఏ రోలరు అరిగింది, కొలిమిలో ఏ ముక్క ఇంకా కాలాలి, ఇవన్నీ తొందరగా పట్టేశాడు. అంబదాస్ కూడా “పోరడు గట్టోడే” అని నలుగురిలో అన్నాడు. స్టేషను వెనక కొమురవ్వ అనే ఆవిడ ఇంట్లో ఉండి ఆమె చేతి బువ్వే తినేవాడు. మిస్త్రీ అన్న మాటను ఆమెకు ఒకటికి రెండుసార్లు చెప్పుకున్నాడు. ఆమె అంబదాస్‌ను ఎన్నడూ చూడలేదు, అయినా “మంచోడే ఉన్నట్టున్నడు” అని ఒప్పుకుంది.

ఒకనాడు పొద్దటి చాయ్ తాగి అందరూ మళ్లీ పనిలోకి దిగారు. లక్ష్మీరాజం అంబదాస్ పక్కనే ఉన్నాడు. అవతలి మనిషి పట్టుకారులోంచి కడ్డీ జారింది. ముక్కు ఎక్కడో తగిలి పైకి లేచింది, వెనక నుంచి రోలర్లు తోస్తూనే ఉన్నాయి. ఎర్రటి కడ్డీ మెలికలు తిరుగుతూ నేల మీద పరుగు పెట్టింది. “హటో” అని అంబదాస్ కేక వేశాడు. ఉన్నవాళ్లంతా వెనక్కి దూకారు. లక్ష్మీరాజం ముందుకు దూకాడు.

తర్వాత ఎంత గుర్తు చేసుకున్నా, ఆ క్షణంలో తాను ఏదైనా అనుకున్నట్టు అతనికి తోచలేదు. భయపడలేదు, ధైర్యమూ చేయలేదు. ఎడమ చెయ్యి ముందుకు సాగింది, అంతే. ముందు తోలు కమిలిన వాసన వచ్చింది, ఆ తర్వాత నొప్పి తెలిసింది. అంబదాస్ వెనక నుంచి అంగీ పట్టి గుంజాడు కాబట్టి సరిపోయింది, లేకుంటే ప్రాణం మీదికి వచ్చేది.

డాక్టరు దగ్గర కట్టు కట్టించి తీసుకొచ్చాక అంబదాస్ అతన్ని వేపచెట్టు కింద కూర్చోబెట్టాడు.

“ఎందుకు పోయినవ్ రా?”

“ఎర్కలే మిస్త్రీ సాబ్.”

“తాగినవా?”

“లేదు.”

“ఎవలన్న నూకిన్రా?”

“లేదు. చెయ్యి పోయింది.”

“చెయ్యి దానంతట అదే పోతదా? దానెన్క నువ్వు లేవా?”

లక్ష్మీరాజం తన చేతినే, అది ఇంకెవరిదో అన్నట్టు, చూసుకున్నాడు. అంబదాస్‌కు అక్కడే గుండె జారింది. కాలిన చేతులు ఆయన చాలా చూశాడు. భయపడి పారిపోయేవాడికి ధైర్యం నేర్పవచ్చు, మొండిగా పోయేవాణ్ని తిట్టి ఆపవచ్చు. ఎందుకు దూకాడో తనకే తెలియనివాడిని రోలర్ల దగ్గర ఏం నమ్మి నిలబెట్టాలి? ఇవాళ వాడి చెయ్యి కాలింది, రేపు వాణ్ని ఆపబోయి ఇంకొకడు పోతాడు.

“నకో బాబా” అన్నాడు చివరికి. “నా దగ్గర వద్దు నువ్వు. సెలవులు అయిపోయేదాంక కాటా కాడ కూసో. పనికొస్తవన్న మాట మాత్రం నా నోట రాదు.”

మరునాటి నుంచి లక్ష్మీరాజం ఇనుప తుక్కు తూచే కాటా దగ్గర కూర్చున్నాడు. కొమురవ్వ కట్టు చూసి, “సదువు రానోల్లు అగ్గిని జూస్తె జరుగుతరు. సదివినోల్లు దగ్గరికి పోయి జూస్తరు గావచ్చు” అని దెప్పిపొడిచింది. మళ్లీ తనే అన్నంలో ఇంత ఎక్కువ నెయ్యి వేసింది. అతనికి ముద్ద దిగలేదు. తండ్రికిచ్చిన మాట నెత్తిన వేలాడుతోంది. పైగా తన చెయ్యి తన మాట ఎందుకు వినలేదో తెలియని భయం ఇంకొకటి.

మధ్యాహ్నం తుక్కు బండ్లు రాని వేళ అతను పోయి ఇనుప రేకు చాటున నిలబడేవాడు. అక్కడ నిలబడొద్దని ఎవరూ అనలేదు. కడ్డీ తప్పినప్పుడల్లా అతని భుజం ముందుకు ఉలిక్కిపడేది. కాలిన చెయ్యే, కట్టులో ఉన్న చెయ్యే, సిగ్గు లేకుండా మళ్లీ బయలుదేరేది. అందుకని కుడి చేత్తో ఎడమ మణికట్టును గట్టిగా పట్టుకొని నిలబడడం మొదలుపెట్టాడు. ఒక్కోసారి గోళ్లు దిగబడేవి. రానురాను చెయ్యి కదలడం మానింది, భుజం మాత్రం అదిరేది. తర్వాత అదీ తగ్గింది. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్పినా, చేతిని చేత్తో పట్టుకొని నిలబడ్డాడంటే నవ్విపోతారు.

ఇంతలో చీరల మూటతో మంచిర్యాల అంగడికి వచ్చిన సిరిసిల్ల మనిషి ఒకడు కట్టు చూసిపోయాడు. చూసిపోయినవాడు ఊరికే ఉంటాడా? తర్వాతి వారమే అంతయ్య వచ్చాడు. చంద్రవ్వ కట్టిచ్చిన సర్వపిండి రొట్టెల మూట చంకలో ఉంది. కాటా దగ్గర కొడుకును చూసి నొప్పి ఎట్లుందని అడగలేదు. కట్టు విప్పించి, వేళ్లను ఒక్కొక్కటే వంచి చూశాడు. రెండు వేళ్లు వంగిన చోటి నుంచి లేవలేదు.

“గీ రెండు పోగు పట్టయి” అన్నాడు. కట్టు మళ్లీ చుడుతూ, “మిగిలినయి ఉన్నయి తీ. నడువు ఇంటికి.”

“సెలవులు ఇంక ఉన్నయి బాపు.”

“సెలవులతోని ఏం పని? గా మిస్త్రీ పనికిరావన్నడా లేదా?”

లక్ష్మీరాజం తల వంచుకున్నాడు.

“అన్నడన్నట్టేగా. పా, ఆయనకొక మాట చెప్పి పోదం. అప్పజెప్పినోనికి చెప్పకుండ తీస్కపోతే బాగుండది” అని అంతయ్య తువ్వాల దులిపి భుజాన వేసుకున్నాడు.

అంబదాస్ రోలర్ల దగ్గరే ఉన్నాడు. అంతయ్య అంతటి మంటను, అంతటి రొదను ఎన్నడూ చూడలేదు. అయినా బెదరకుండా పోయి చేతులు జోడించాడు. రొదలో వినబడాలని గొంతు పెంచాడు.

“సాబ్, మా పోరడు తప్పు జేసిండు. ఆడు చిన్నప్పటిసంది గంతే. ధ్యాస ఉండదు. మాఫ్ జెయ్యి. తోల్కపోత.”

లక్ష్మీరాజానికి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. వాడకట్టంతా తన చేతి వేగం చెప్పుకొని మురిసిన మనిషి, పరాయివాడి ముందు ధ్యాస లేనివాడంటున్నాడు. కాలిన రోజు కూడా అతనికి అంత బాధ కలగలేదు.

“తోల్కపో కాకా” అన్నాడు అంబదాస్. “నాకు ఆని మీద కోపం లేదు. గని ఎందుకు పోయిండో చెప్పకపాయె. గదే నా పరేషాన్.”

ఆ మాట అంటుండగానే అవతల పట్టు తప్పింది. కడ్డీ పైకి లేచి నేల మీద పడి ఇటువైపే పరుగు తీసింది. “హటో.” అంబదాస్ రేకు చాటుకు జరిగాడు. లక్ష్మీరాజం జరిగాడు, అలవాటుగా మణికట్టు పట్టుకున్నాడు. జరిగి చూస్తే పక్కన తండ్రి లేడు. అంతయ్య ముందుకు పోతున్నాడు. నడుం వంచి, రెండు చేతులూ చాచి, ఎర్రటి కడ్డీ ముక్కు ఎటు తిరిగితే అటు చూపు తిప్పుతూ పోతున్నాడు.

లక్ష్మీరాజం మణికట్టు వదిలి, మంచి చేత్తో తండ్రి అంగీ వెనక పట్టి గుంజాడు. ఇద్దరూ నేల మీది ఇసుకలో వెల్లకిలా పడ్డారు. ఒక్క క్షణం కిందట అంతయ్య నిలబడ్డ చోటు మీదుగా కడ్డీ దూసుకుపోయి, స్తంభానికి తగిలి చుట్ట చుట్టుకుంది.

రోలర్లు ఆపారు. కడ్డీ ఎరుపు తగ్గి బూడిద రంగుకు వస్తోంది. అంతయ్య ఇసుకలో లేచి కూర్చున్నాడు. చేతులు ఇంకా ముందుకే చాచి ఉన్నాయి. రెండు చేతుల్లోనూ బొటనవేలూ చూపుడువేలూ కొసకొసలు కలిసి ఉన్నాయి, ఏదో సన్నటిదాన్ని పట్టుకోబోతున్నట్టు. అంబదాస్ వచ్చి ఆయన ముందు గొంతుకూర్చున్నాడు. ఆ వేళ్లనే చూశాడు.

“కాకా, నువ్వెందుకు పోయినవ్?”

“తెగింది గదా” అన్నాడు అంతయ్య.

అన్నాక ఆ మాట ఆయనకే వినబడింది. కలిసి ఉన్న తన వేళ్లను చూసుకున్నాడు. పక్కన కొడుకు చేతి కట్టును చూశాడు. అప్పటిదాకా బిగబట్టి ఉన్న ముఖం ఒక్కసారిగా వదులైపోయింది.

“నేనే నేర్పిన సాబ్” అన్నాడు. “మాది మగ్గం పని. పోగు తెగంగనే పట్టాలె. పట్టకపోతే కొట్టిన. గా వేళ్ల మీదనే కొట్టిన. ఇప్పుడు నీ ముందట ఆనికి ధ్యాస లేదంటి. ధ్యాస ఉండవట్టే కాలింది.” ఇంకేదో అనబోయి తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు.

లక్ష్మీరాజానికీ అప్పుడే తెలిసింది. ఇన్ని రోజులు తనను భయపెట్టింది పిచ్చీ కాదు, దయ్యమూ కాదు. తండ్రి నేర్పిన పని తన చేతిలో ఉంది, అది ఇనుముకూ నూలుకూ తేడా తెలుసుకోలేదు. అతనికి తండ్రి మీద కోపం రావాలి. ఇసుకలో కూర్చున్న ఆ మనిషిని చూస్తే ప్రేమే ఎక్కువ వచ్చింది.

అంబదాస్ లేచి నిలబడి, మీసం ఉన్న వైపు ఒకసారి దువ్వుకున్నాడు.

“బాపు ఉరికిండు. నువ్వు ఉరకలే. ఎట్ల ఆగినవ్ రా?”

లక్ష్మీరాజం ఎడమ మణికట్టు చూపించాడు. మానినవి కొన్ని, పచ్చివి కొన్ని గోళ్ల గుర్తులు వరుసగా ఉన్నాయి.

“రోజు గీ రేకు చాటుకొచ్చి నిలవడ్డ మిస్త్రీ సాబ్. పోతదని పట్టుకున్న.”

అంబదాస్ ఆ గుర్తులను బొటనవేలితో తడిమి చూశాడు. అంతయ్య లేచి దగ్గరికి జరిగాడు. ఇంటి దగ్గర కొడుకుతో చేసుకున్న ఒప్పందం తెగేది ఈ మనిషి నోటి మాట మీదే. తనకు అనుకూలంగా తెగబోతున్నదాన్ని తానే ఎందుకు కదిలిస్తున్నాడో ఆయనకే తెలియదు గాని, అడిగాడు.

“పనికొస్తడా సాబ్?”

“వస్తడు” అన్నాడు అంబదాస్. “రేపటిసంది నా పక్కన నిలవడుమను. పట్టుకారు ఇప్పుడే ఇయ్య. గా చెయ్యి మీద జర నమ్మకం కుదరనీ.”

అంతయ్య తల ఊపాడు. సర్వపిండి మూట విప్పి అందరికీ తుంచి పెట్టాడు. అంబదాస్ తిని, చంద్రవ్వ చేతిని మెచ్చుకొని, రెండో ముక్క అడిగి మరీ తీసుకున్నాడు.

సాయంత్రం బండికి లక్ష్మీరాజం తండ్రిని స్టేషనుకు తీసుకొచ్చాడు. దారిలో ఇద్దరూ మగ్గం సంగతి ఎత్తలేదు. ఎత్తాల్సిందేమీ లేదు. అంతయ్య తర్వాత ఆ గుంటలో కూర్చునేవాడు లేడని ఇద్దరికీ తెలిసిపోయింది. బండి ఎక్కాక అంతయ్య కిటికీలోంచి చెయ్యి చాపి కొడుకు ఎడమ చెయ్యి అందుకున్నాడు. కట్టు మీదుగానే ఆ రెండు వేళ్లను నిమిరాడు.

“ఇగ తెగితే తెగనీ బిడ్డ” అన్నాడు. “నువ్వు చెయ్యి పెట్టకు.”

పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి తండ్రి నోట ఆ మాట లక్ష్మీరాజం వినలేదు. అది అనడానికి ఆయనకు ఎంత కష్టమైందో అతనికి తెలుసు. బండి కదిలింది, తండ్రి చేతిలోంచి అతని చెయ్యి జారింది. జారిన చెయ్యి మళ్లీ ముందుకు పోయింది. బండి గోదావరి వంతెన దిక్కు తిరిగి కనుమరుగయ్యేదాకా, కుడి చేత్తో ఎడమ మణికట్టు గట్టిగా పట్టుకొని అతను ప్లాట్‌ఫారం మీదే నిలబడ్డాడు.